తలుపు మీద రెండు దెబ్బలు

నా చూపు గురించి ముందు నాలుగు గొప్పలు చెప్పుకోనివ్వండి. తర్వాత ఎలాగూ కిందికి దిగాల్సిందే కనక కాస్త ఎత్తు మీంచి మొదలుపెడతాను.

కొల్లేట్లో గూడబాతు నీళ్ళ మీంచి లేస్తే, దాని ముక్కు కింద సంచిలో ఉన్నది జెల్లో కొర్రమీనో లారీ దిగకుండానే చెప్పేసేవాణ్ణి. ఏలూరు కాలవకి అవతలి గట్టున ఎవరైనా పేపరు చదువుకుంటుంటే, ఇవతలి గట్టున నిలబడి నేనూ చదివేసి, ఆయన పేజీ తిప్పేదాకా కాచుకుని కూర్చునేవాణ్ణి.

సరేనండి. కాలవ సంగతి పూర్తిగా అబద్ధం. గూడబాతు సంగతి సగం నిజం. పక్షి కనపడేది, చేప మటుకు ఊహించేవాణ్ణి. దాని నోరు తెరిపించి చూసి కాదనేవాడెవడూ లేడు కదా. కానీ దూరపు చూపు నాకు నిజంగానే బాగుండేది. ఇప్పటికీ బాగుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. దూరం బాగా కనపడుతోంది కాబట్టి కళ్ళు బాగున్నట్టే అనుకున్నాను. నాలాగే అనుకుంటున్న డ్రైవర్లు ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

నా పేరు దావీదు. ముప్ఫై ఏళ్ళకు పైగా పెద్ద బండి తోలాను. కొల్లేటికోట చుట్టుపక్కల చెరువుల దగ్గర చేపలు ఎక్కించుకుని ఏలూరు ప్యాకింగు షెడ్డులో దించడం, అట్నుంచి తాడేపల్లిగూడెం మిల్లులకెళ్ళి తవుడు బస్తాలు ఎక్కించుకుని మళ్ళీ ఆ చెరువులకే తేవడం నా పని. చేప వెళ్తుంది, చేప మేత వస్తుంది, మధ్యలో మేము బతుకుతాం. మేమంటే నేనూ, నా బావమరిది ఏలియా. వాడు మా ఆవిడ సుగుణమ్మకి తమ్ముడు. వాడికీ పెద్ద బండి లైసెన్సు ఉంది. అయినా బావ ఉండగా స్టీరింగు ముట్టుకోవడం మర్యాద కాదని, ఎడమ సీట్లో కూర్చుని క్లీనరు పని చేసేవాడు. అంత మర్యాదస్థుడు. ఆ మర్యాదే మమ్మల్ని ముంచబోయింది.

చెరువు గట్టు మీద లారీ నడపడం చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. గట్టు వెడల్పు లారీ వెడల్పు కంటే అటో జానెడు, ఇటో జానెడు ఎక్కువుంటుంది. రెండు పక్కలా నీళ్ళు. కుడి చక్రం సంగతి డ్రైవరు చూసుకుంటాడు. ఎడమ చక్రం క్లీనరుది. వాడు చెయ్యి బయటపెట్టి అరచేత్తో తలుపు మీద కొడుతుంటాడు. రెండు దెబ్బలంటే పోనీ. ఒక్క దెబ్బంటే ఆగు. ఆపకుండా వరసగా పడుతున్నాయంటే అంచు దగ్గరపడింది, కుడికి లాగు. ఇంజను రొదలో నోటి మాట వినపడదు, అదొక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. నోరు తెరిచి "బావగారూ, అటు చూసుకోండి" అంటే డ్రైవరుకి కనపడలేదని అన్నట్టవుతుంది. ఆ మాట మా పనిలో క్లీనరు అనకూడదు. తలుపు అనొచ్చు.

2004లో ఎండలు ముదరక ముందే లైసెన్సు రెన్యువల్ పని పడింది. పెద్ద బండి తోలేవాళ్ళు కొన్నేళ్ళకోసారి డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని, బండి నడపడానికి పనికొస్తారని సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. అందులో పెద్ద గండం కళ్ళ పరీక్షే. ఏలూరులో ఆ డాక్టరు గది బయట బెంచీ మీద మిగతా డ్రైవర్లు కళ్ళు నులుముకుంటూ, దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంటే, నేను కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ణి. ఆ పరీక్షంటే నాకు పండగ.

ఈసారి కొత్త డాక్టరమ్మ. మా అమ్మాయి వయసుంటుంది. గోడ మీద అక్షరాలు చదవమంది. అడుగు వరసతో మొదలుపెట్టి పైకి చదివాను. "పైనుంచి చదవండి" అంది. పైనుంచీ చదివాను. ఆ అట్ట అచ్చేసినవాడి పేరు కూడా కింద ఉంటే అదీ చదివేశాను. (పేరు ఉన్న మాట నిజం. చదివిన మాట... వదిలేద్దాం.) ఎరుపూ ఆకుపచ్చా చూపించింది, చెప్పాను. తర్వాత వరండాలోకి తీసుకొచ్చి, ఆవరణ చివర ఆగిన జీపు నంబరు చదవమంది. రెండడుగులు ముందుకేసి నంబరు చదివి, "వెనక చక్రానికి గాలి తక్కువుంది, వాళ్ళకి చెప్పమంటారా అమ్మా" అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. నేను ఛాతీ విరుచుకుని గిరుక్కున వెనక్కి తిరిగి గదిలోకి నడిచాను.

నడిచి, ఎడం పక్క బెంచీ చివర కూర్చున్న ఒకావిడ మోకాళ్ళ మీద పడ్డాను. ఆవిడ ఒళ్ళోని క్యారియరు కిందపడి పెరుగన్నం వరండా అంతా పరుచుకుంది.

"అయ్యో! కనపడకపోతే ఎవర్నన్నా పట్టుకుని నడవొచ్చు కదండీ బాబాయిగారూ!" అందావిడ.

"కనపడకపోవడమేంటమ్మా, ఇప్పుడే ఆ జీపు నంబరు చదివొచ్చాను!"

"జీపు అంత దూరంలో ఉందండీ. నేనిక్కడే ఉన్నాను కదండీ!"

బెంచీ మీదున్న డ్రైవర్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డాక్టరమ్మ మటుకు నవ్వలేదు. నన్ను లోపలికి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కుడి కన్ను మూసుకోమని, తన ముక్కు వైపే చూడమని, చెయ్యి పక్కకి చాపింది.

"నా వేళ్ళు ఆడుతుంటే చెప్పండి. ముక్కు మీంచి చూపు కదపకండి."

చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ మొదలుపెట్టదు.

"మొదలుపెట్టండమ్మా."

"ఎప్పుడో మొదలుపెట్టానండి" అందామె, మెల్లిగా.

ఆ మాట విన్నాక ఒంట్లో ఏమైందో రాయడం నాకు చేతకాదు. కొల్లేట్లో పడవ నెట్టే గడకర్రకి నేల తగులుతూ తగులుతూ ఒక చోట తగలకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆవిడ చెయ్యి లోపలికి జరుగుతూ జరుగుతూ, తన చెవి దాకా వచ్చాక గానీ నాకు కనపడలేదు.

"గ్లకోమా అని అనుమానంగా ఉందండి. నీటికాసులంటారు మనవాళ్ళు. మెషీను మీద చూడాలి. అది తేలేదాకా నేను సర్టిఫికెట్టు రాయలేను."

"అక్షరాలన్నీ చదివాను కదమ్మా."

"మధ్య చూపు చివర పోతుందండి ఈ జబ్బులో. ముందు అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు, తెలీదు."

"శుక్లాల్లాగా తీసేస్తారా?"

"పోయింది తిరిగి రాదండి. ఉన్నది కాపాడుకోవచ్చు. ఉన్నది ఇంకా చాలా ఉంది, భయపడకండి."

భయపడ్డాను. బయటికొచ్చేసరికి ఆ క్యారియరావిడ నేల తుడిచేసి, మిగిలిన గిన్నెలో అన్నం మూతలో పెట్టి నాకే ఇచ్చింది. "మొహం పాలిపోయిందండీ. రెండు ముద్దలు తినండి" అంది. ఆవిడ భర్త కంటికి కట్టుతో లోపల ఉన్నాడట. ఎవరి పెరుగన్నం ఒలకబోశానో ఆవిడ అన్నమే తిన్నాను. ఆ రోజు ఎవరేం చెప్పారో చాలా మర్చిపోయాను, ఆ ముద్దలో మాగాయ టెంక మటుకు గుర్తుంది.

ఆ వారంలోనే కంటి ఆసుపత్రిలో మెషీను పరీక్ష. గడ్డం ఒక పీట మీద ఆనించి తెల్లటి గిన్నెలాంటి దాన్లోకి చూడాలి. నడిమధ్య దీపం వైపే చూస్తుంటే, ఎక్కడెక్కడో చిన్న వెలుగు చుక్కలు పుట్టి పోతుంటాయి. కనపడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. ఆ మెషీను చుక్క వేసే ముందు లోపల టిక్కుమంటోంది. నేను ముప్ఫై ఏళ్ళు చప్పుడుకి బండి తోలినవాణ్ణి. టిక్కుమన్నప్పుడల్లా నొక్కాను. హాయిగా తాళం వేసినట్టు నొక్కుతున్నాను. అన్ని చుక్కలూ చూసిన ఘనుణ్ణి నేనేనని ఊళ్ళో ఎలా చెప్పుకోవాలో కూడా అనుకుంటున్నాను.

మెషీను దగ్గర కూర్చున్న అమ్మాయి ఆపేసింది. "తాతగారూ, చుక్క లేనప్పుడు కూడా నొక్కుతున్నారండి. మెషీను ఊరికే చప్పుడు చేసి చూస్తుంది. దానికి తెలిసిపోతుంది."

"దొంగ మెషీనమ్మా ఇది."

"ఎవరు దొంగో అదే చెబుతుందండి" అని నవ్వి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చెవుల్లో దూది పెట్టుకుంటానన్నాను. పెట్టుకుని, నిజంగా కనపడినవాటికే నొక్కాను. చాలాసేపు చెయ్యి ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీలోనే నాకు సంగతి అర్థమైంది. చుక్కలు పడుతూనే ఉండుంటాయి.

బొమ్మ తీసి చూపించారు. ఎడమ కంటికి బయటి వైపంతా మసి పూసినట్టు నల్లగా ఉంది. కుడి కంటికి అంచున మరక మొదలైంది. నడిమధ్య రెండు కళ్ళకీ తెల్లగా, శుభ్రంగా ఉంది. నేను గొప్పలు చెప్పుకునే చూపంతా ఆ మధ్య తెలుపే.

ఇంటికొచ్చాక గొడవ. సుగుణమ్మ నన్నేమీ అనలేదు, తమ్ముడి మీద పడింది.

"పక్కనే కూర్చుంటావు కదరా! ఈయనకి ఎడం పక్క కనపడట్లేదని నీకు తెలీలేదా?"

ఏలియా గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. "తెలిసిందక్కా" అన్నాడు.

"ఎప్పట్నుంచీ?"

"క్రితం వరదల ముందు నుంచీ. అంతకు ముందు మలుపులోనే కొట్టేవాణ్ణి. తర్వాత తిన్నటి గట్టు మీద కూడా కొట్టాల్సి వచ్చింది. అరచెయ్యి వాచేది."

"మరి నోరు తెరిచి చెప్పడానికేం?"

"బావగార్ని కనపడట్లేదని ఎలా అంటానక్కా?"

సుగుణమ్మ తల పట్టుకుంది. నేను మటుకు లేచి నిలబడి, సిగ్గు లేకుండా ఒక మాటన్నాను. "ఇందులో మునిగిపోయిందేముంది? ఇన్నాళ్ళూ వాడు కొట్టాడు, నేను తోలాను. ఒక్క గీతైనా పడిందా బండికి? ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరున్నాడు. గోడ మీద అక్షరాలు ఎక్కడైనా అవే."

ఎందుకన్నానంటే, స్టీరింగు పోతే నేను ఎవరో నాకు తెలీదు కాబట్టి. బజార్లో అందరూ "డ్రైవరుగారూ" అనేవారు. దావీదు అని పిలిచేది పాస్టరుగారొక్కరే. అది కూడా చర్చిలో ప్రభురాత్రి భోజనమని రొట్టె ముక్క ఇచ్చేటప్పుడు.

ఏలియా అరచెయ్యి రుద్దుకున్నాడు. నాకు రోషం వచ్చింది. "నీ దెబ్బల్లేకుండా కూడా తోలగలను, చూపిస్తాను పద" అన్నాను.

అప్పటికింకా పాత లైసెన్సు గడువు తీరలేదు. మర్నాడు పొద్దున ఐసు ఫ్యాక్టరీ ఆవరణలో ఖాళీ లారీ పెట్టించాను. మనుషులెవరూ లేకుండా చూశాం. వెనక్కి తీసుకెళ్ళి ఐసు దిమ్మలు ఎక్కించే గట్టుకి ఆనించాలి, అంతే. ఆ పని నేను కొన్ని వేలసార్లు చేసుంటాను. ఏలియా బండి వెనక్కి ఒకసారి వెళ్ళొచ్చి, ఒట్టికాళ్ళతో క్యాబిన్ ఎక్కి ఎడమ సీట్లో కూర్చున్నాడు. "తలుపు ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాను. వాడు రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

ఎంత అందంగా తీసుకెళ్ళానంటే, వెన్న మీద కత్తి దిగినట్టు వెళ్ళింది బండి. ఇందులో గొప్ప లేదండి, నిజంగానే అలా వెళ్ళింది. ఎక్కడా తగల్లేదు, చప్పుడు కాలేదు. ఇంజను ఆపేసి, "ఏరా, చూశావా?" అన్నాను.

"చూశానండి. ఒకసారి దిగి రండి బావగారూ" అన్నాడు ఏలియా.

దిగి చుట్టూ తిరిగి ఎడమ వెనక చక్రం దగ్గరికెళ్ళాను. చక్రం కింద వాడి చెప్పులున్నాయి. జతగా, పక్కపక్కనే పెట్టినవి, నలిగి నేలలోకి దిగిపోయాయి. ఎర్ర పట్టీల హవాయి చెప్పులు. ఎర్రటివి. ఎరుపు బాగా గుర్తుపడతానని ఇన్నేళ్ళూ సంతకాలు తెచ్చుకున్న మనిషిని నేను.

"ఇక్కడెందుకు విప్పావురా?"

"నేనెప్పుడూ నిలబడేది అక్కడే కదండీ" అన్నాడు. "నోటితో అనలేక పెట్టానండి."

బండి వెనక్కి తీసేటప్పుడు క్లీనరు దిగి ఎడమ వెనక చక్రం పక్కన నిలబడి తలుపు బదులు బాడీ మీద కొడతాడు. ఇరవై ఏళ్ళుగా వాడు నిలబడిన చోటు అది. నేను వంగి ఆ చెప్పులు లాగబోయాను. రాలేదు. అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ఏలియా ఒట్టికాళ్ళతో వచ్చి పక్కన కూర్చున్నాడు. తాళాలు వాడి ఒళ్ళో పెట్టాను.

"బండి ముందుకి జరుపు. చెప్పులు తీసుకుందువుగాని."

నేను ఇవతలికొచ్చి నిలబడ్డాను. వాడు క్యాబిన్‌లోకి కుడి వైపు నుంచి ఎక్కడం నేను చూడ్డం అదే మొదలు. ఇంతవరకూ రాసిన గొప్పల్లో ఏది కొట్టేసినా ఫరవాలేదు, ఆ రోజు ఆ తాళాలు ఇచ్చానన్నది మటుకు ఉంచండి.

ఆ యేడు వానాకాలమంతా కంటి ఆసుపత్రి బెంచీల మీద గడిచింది. ఎడమ కంటికి చిన్న ఆపరేషను చేశారు. రెండు కళ్ళకీ చుక్కల మందు, బతికున్నంత కాలం. బెంచీ మీద ఎవరు పక్కన కూర్చున్నా ముందు అడిగేది "మీకెంత పోయింది?" అనే. మొదట్లో ఆ ప్రశ్నకి నాకు ఏడుపొచ్చేది. రాను రాను నేనే, "ఎంత మిగిలింది అని అడగండి, చెబుతాను" అనడం మొదలుపెట్టాను. మిగిలినదాంట్లో కాస్త కలిపే చెప్పేవాణ్ణనుకోండి.

చుక్కలు వేశాక కాసేపు కళ్ళు మూసుకుని ఉండాలి. నాకు అంత ఓపిక లేదు. వేసిన వెంటనే కళ్ళు తెరిచి కిటికీలోంచి బజారు చూసేవాణ్ణి. సుగుణమ్మ కనిపెట్టింది. ఉదయం ప్రార్థనా, రాత్రి ప్రార్థనా చుక్కలతో ముడిపెట్టేసింది. చుక్కలు వేసి, "కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేద్దాం" అనేది. దేవుడి ముందు కళ్ళు తెరిచే ధైర్యం నాకు లేదు. ఆవిడ ప్రార్థన మందుకి కావలసిన దానికంటే ఎప్పుడూ పొడుగే. చుట్టాలందరి పేర్లూ, చెరువుల్లో చేపలూ, ఆ డాక్టరమ్మా, పెరుగన్నం ఆవిడా, ఆవిడ భర్త కన్నూ, చివరికి ఏలియా కొత్త చెప్పులూ వచ్చాక గానీ ఆమెన్ వచ్చేది కాదు. నా కుడి కన్ను నిలబడటంలో మందు వాటా ఎంతో, ఆ పొడుగు వాటా ఎంతో నాకు తెలీదు.

ఇది వంశంలో దిగే జబ్బు కూడానట. కామవరపుకోట వైపు బళ్ళో పాఠాలు చెప్పే మా అమ్మాయిని పిలిపించి మెషీను మీద కూర్చోబెట్టాం. ఆ మెషీను అమ్మాయి కాగితం తెచ్చి, "మీ అమ్మాయి చుక్క కనపడినప్పుడే నొక్కిందండీ తాతగారూ" అంది. బొమ్మంతా తెల్లగా ఉంది. ఆ రోజు ఏలూరు బస్టాండులో నేను అందరికీ సోడాలు పోయించాను. అందరికీ అంటే మా ముగ్గురికీ.

మొన్న 2007లో మళ్ళీ అదే డాక్టరమ్మ గదికి వెళ్ళాను. ఈసారి రెన్యువల్ ఏలియాది. ఇప్పుడు బండి వాడే తోలుతున్నాడు. సర్కారువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువులు కొన్ని కొట్టేసిన తర్వాత లోడ్లు తగ్గాయి గానీ తవుడు బేరం నడుస్తోంది. ఏలియా అక్షరాలు చదివాడు, జీపు నంబరు చదివాడు, టైరుకి గాలి సంగతేమీ అడక్కుండా బుద్ధిగా వచ్చాడు. డాక్టరమ్మ వేళ్ళు చూపించింది. వాడు వెంటనే చెప్పాడు. నాకు కుళ్ళు పుట్టింది, దాచుకోను.

"మీ కళ్ళెలా ఉన్నాయి?" అని నన్నడిగింది.

"పోయింది పోయినచోటే ఉందమ్మా. ఉన్నది ఉన్నచోటే ఉంది."

"అంతకంటే మంచి మాట ఈ జబ్బులో లేదండి" అంది.

బయట బెంచీ మీదున్న డ్రైవర్లని నేను వదల్లేదు. ఒక్కొక్కళ్ళ ఎదురుగా కూర్చుని, "నా ముక్కు చూడవయ్యా" అని వేళ్ళు ఆడించాను. "ఈ ముసలాయనేంటండీ" అని విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కున్నారు. ఒకాయన మటుకు, "మొదలుపెట్టండి" అన్నాడు. నేను చెయ్యి ఆడిస్తూనే ఉన్నాను. ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఆయన జబ్బు నాదాని కంటే చాలా తొలిదశలోనే బయటపడింది. మందుతోనే ఆగుతుందని చెప్పారట. ఆ తర్వాత బస్టాండులో నన్ను చూసి టీ ఇప్పించాడు. నేను కాదనలేదు.

ఇప్పుడు నా పనేంటంటే, మిల్లుల దగ్గరా ఐసు ఫ్యాక్టరీ దగ్గరా ఏలియా బండి వెనక్కి తీసేటప్పుడు ఎడమ వెనక చక్రం వైపు, చెయ్యి చాస్తే బాడీ అందేంత దూరంలో నిలబడటం. పక్క చూపు లేనివాడు తల పూర్తిగా తిప్పి చూడాలని డాక్టరమ్మ నేర్పింది. తిప్పుతాను. చక్రానికీ గట్టుకీ మధ్య సందు వైపు సూటిగా చూస్తాను. సూటిగా చూడటంలో నేనిప్పటికీ రాజునే. ఆ సందులో నడిచే చీమ మగదో ఆడదో చెప్పగలను.

చీమ సంగతి అబద్ధం. సందు కనపడుతుంది.

మొదటిరోజు ఏలియా అద్దంలోంచి నన్ను చూసి బండి కదపలేదు. తల బయటపెట్టి, "బావగారూ, చెప్పులు వేసుకునే ఉన్నారా?" అన్నాడు.

కింద చూసుకున్నాను. ఉన్నాయి. చక్రానికి దూరంగానే ఉన్నాయి. చెయ్యెత్తి బాడీ మీద రెండు దెబ్బలు కొట్టాను.